గ్రంథమున లేని బాలిక

వర్షాకాలమంతయు నురుగులు గ్రక్కుచుఁ దీరశిలలపైఁ దలఁ గొట్టుకొని యలసిపోయిన తూర్పుసముద్రము శరదృతువు ప్రవేశింపఁగానే నీలనిర్మలమై నిస్తరంగప్రాయమై దిగంతముదాఁక విశ్రమించి యుండ దాని కభిముఖముగా నున్న యెఱ్ఱమట్టికొండ చఱియమీఁద జీడిమామిడితోఁపుల నడుమ వెల్లవేసిన పాత వైద్యాలయపు మిద్దెలు సాయంకాలపుటెండలో నారవేసిన ధోవతులవలెఁ దెల్లగాఁ గానవచ్చుచుండెను. రేవునకు మరలివచ్చు పడవల తెరచాపలను దించుచు జాలరులు పెట్టు కేకలును దిగువవీథిలో వేరుసెనగలు వేయించువాని మూకుటి చప్పుడును దప్ప మఱియొక సద్దు లేని యావేళ రక్తపరిశోధనశాలయొక్క పడమటికిటికీచెంతఁ గూర్చుండి తెల్లనూలుచీర కట్టిన వృద్ధురాలొకతె గాజుగొట్టము నొకదానిని మెల్లగా నొకప్రక్కకు వంచి మరల నిలువఁబెట్టుచు దానినే తదేకదృష్టితోఁ జూచుచుండెను. ఆమె పేరు ఆకెళ్ల శేషరత్నమ్మ. నెత్తురు గడ్డకట్టుట యెట్లు గడ్డకట్టకపోవుట యేల యను రెండు ప్రశ్నలకుఁ దన యాయువంతయు ధారవోసిన యాచార్యురా లామెయే.

ఆ గదిలో నిప్పుడు సీమనుండి వచ్చిన యంత్రమొకటి కలదు. నెత్తుటిబొట్టు నోటఁ బెట్టినంతనే యది ఱెప్ప వ్రాల్చి యెత్తునంతలో లెక్క చెప్పి యూరకుండును. అయినను శేషరత్నమ్మగారు యంత్రము చెప్పిన పిమ్మటఁ గూడ వేఱొక గొట్టమును దీసికొని పాతపద్ధతిని వంచి చూడక మానరు. ఇది చూచి యచ్చటి యువవైద్యురాండ్రు ముసిముసినవ్వులు నవ్వుకొందురు.

"అమ్మా, మిషను చెప్పేసింది గదా! ఇంకా ఎందుకండీ మీకీ శ్రమ?" అని నాఁడొకతె యడిగెను.

"శ్రమ ఏముందమ్మా, చెయ్యి ఊరుకోదు" అని యామె బదులు చెప్పెను.

ఊరకుండనిది చేయి యొకటియే కాదు. గొట్టములో నెత్తురు జాఱినప్పుడెల్ల నామె మనస్సును వెనుకటి దినములలోనికి జాఱిపోవుచుండును. ఆ కాలమున యంత్రములు లేవు. రోగి చేతినుండి తీసిన నెత్తురును గాజుగొట్టమునఁ బోసి యొడలి వెచ్చఁదనము గల నీళ్లతొట్టిలో నిలిపి మాటిమాటికిఁ బైకెత్తి వంచి చూచుటయే పరీక్ష. వంచినప్పుడు జాఱెనా యింకను ద్రవమే. జాఱక నిలిచెనా గడ్డకట్టినట్లు. ఆరోగ్యవంతుల నెత్తురు తమలపాకు నమలి యుమ్మివేయునంతలో నిలుచును. కొందఱి నెత్తురో ప్రొద్దు వాలినను నీళ్లవలె నూఁగుచునే యుండును. బొగ్గులకుంపటిమీఁదఁ గాఁగుచున్న యా నీళ్లతొట్టియు గురువుగారి ముక్కుపొడుము తుమ్ములును వరండాలో రోగుల మూలుగులును ఇప్పటికి నామె చెవులయందుఁ గన్నులయందు మెదలుచునే యున్నవి. ఆహా, కష్టదినములే యైనను ఆ దినము లేమి దినములు!

శేషరత్నమునకుఁ బెండ్లియైన సంగతి యామెకే సరిగా గుఱుతులేదు. వైధవ్యము వచ్చిన సంగతిని మాత్రము లోకము మఱవనిచ్చినది కాదు. బొమ్మలపెండ్లిండ్లు చేయు ప్రాయముననే మాంగల్యము తెగిన యా బాలికను బడిపంతులగు తండ్రి నలుగురు నవ్విన నవ్వుదురుగాక యని చదువునఁ బెట్టెను. ఆమె చదివి చదివి వైద్యపట్టమును బుచ్చుకొని తల్లులకుఁ బురుడు పోయవలెనను కోరికతోఁ గాన్పులగదిలోఁ గాలు పెట్టినది. పెట్టుటయే తడవు గర్భిణుల యత్తగారులు గుమ్మమున బొట్టులేని మొగమును జూచి లబోదిబోమని "ఓలమ్మ, పురిటిపూట ఈ మొగమేటి! ఇంకో డాక్టరమ్మ నేదేటి బాబూ?" అని పెద్దడాక్టరు కాళ్లమీఁదఁ బడసాగిరి. నొప్పులు పడుచున్న కోడండ్రు సైత మామె వచ్చునప్పుడు కన్నులు మూసికొనిరి. పెద్దడాక్టరు మంచివాఁడే కాని యొట్టి మంచితనముతో నాసుపత్రి నడుచునా? ఆయన యామెను జాటునకుఁ బిలిచి గొంతు తగ్గించి పరిశోధనశాలకుఁ బొమ్మనెను. కాన్పుగదికిఁ బనికిరాని మొగము గాజుగొట్టములకు మాత్ర మెట్లు పనికివచ్చెనో యాయనయే యెఱుఁగును. నాఁడు శేషరత్నము మేడమెట్లు దిగుచు నేడ్చినది.

ఆ పరిశోధనశాలకు నధిపతి గంగాధరసోమయాజిగారు. మల్లుపంచెపైఁ బొడవుకోటు తొడిగి యొకచేతఁ బొడుముకాయయు నొకచేత లావుపాటి యాంగ్లవైద్యగ్రంథమును బట్టుకొని తిరుగు నా మహానుభావుఁడు మహాపండితుఁడు మహాకోపియుఁ గూడ. శిష్యు లేమి చెప్పినను ఆయన మొదటిమాట "గ్రంథంలో ఉందా?" అని. ఉన్నదన్నచో "అయితే కొత్తేముంది?" అనును. లేదన్నచో "అయితే తప్పు" అనును. ఈ రెంటినడుమఁ జిక్కుకొని యెందఱో శిష్యులు పాఱిపోయిరి. శేషరత్నము పాఱిపోలేదు. పోవుట కామెకు వేఱొక తావు లేదు.

నాగావళీతీరమందలి యొక పల్లెనుండి గౌరినాయుఁడను గోగునారరైతు తఱచుగా నచ్చటికి వచ్చుచుండెను. వానికి ముల్లు గ్రుచ్చుకొన్నను నెత్తురు నిలువదు. దెబ్బ తగులకయే కీళ్లలోనికి నెత్తురు దిగి మోఁకాలు కుండవలె నుబ్బును. హీమోఫీలియా యని వైద్యులు పేరిడిన యీ వ్యాధి తల్లులచే మోయఁబడి కొడుకులయందు బయటపడునే కాని యాఁడువారిని బాధింపదని సోమయాజిగారి గ్రంథము ఘంటాపథముగాఁ జెప్పుచుండెను. గౌరినాయుని యన్న లిద్దఱు పసితనముననే యిట్లు గతించిరి. పెద్దవాఁడు చెవులు కుట్టించిన వారమునకే పోవుటచే నది గ్రామదేవతకుఁ గిట్టని పనియని తలఁచి నాఁటినుండి యా యింట మగపిల్లలకుఁ జెవులు కుట్టుట మానిరి. ఆఁడుపిల్లలకా నియమము లేదు.

మాఘమాసమున నొకనాటి యుదయమున గౌరినాయుఁడు కఱ్ఱపోటుతోఁ గుంటుచు వచ్చెను. వాని వెనుక వాని తల్లి యప్పలనరసమ్మ ఎనిమిదేండ్ల మనుమరాలిని భుజమునఁ బడవేసికొని వచ్చెను. పిల్ల మెడయు రవికయుఁ గూడ నెత్తుట నానియుండెను.

"సెవులు కుట్టించినామమ్మా. కుట్టించిన కాడ్నించీ నెత్తురాగనేదు. పసుపెట్టినాను, బూడిదెట్టినాను, అమ్మోరికి కోడిని మొక్కినాను. ఏటి సేసినా ఆగనేదు" అని ముసలమ్మ మొఱవెట్టెను. పైడితల్లి యను నా పిల్ల మాత్రము ఏడ్చుటకుఁ గూడ నోపిక లేక యామె భుజమునుండియే శేషరత్నమువంక బెదరుచూపులు చూచుచుండెను.

శేషరత్నము తండ్రినుండియుఁ గూఁతునుండియు నెత్తురు తీసి రెండు గొట్టములఁ బోసి నీళ్లతొట్టిలో నుంచెను. వంచి చూచెను. మరల వంచి చూచెను. కుంపటిలో బొగ్గులు రెండుమాఱులు మార్చిన పిమ్మటఁ గూడఁ గూఁతురి నెత్తురు తండ్రి నెత్తుటివలెనే గొట్టములో నూఁగుచుండెను. గొట్టములను గొని గురువుగారియొద్దకుఁ బరుగెత్తెను.

"గొట్టాలు మార్చేశావమ్మాయీ. రెండూ తండ్రివే" అని యాయన తలయైన నెత్తక పలికెను.

"మార్చలేదు, మాస్టారూ."

"అయితే సరిగ్గా కడగలేదు. మురికి గొట్టంలో ఏదైనా అవుతుంది."

"నా చేతులతో నేనే కడిగానండీ."

"గ్రంథంలో లేదు!"

"పిల్ల ఎదురుగా ఉంది గదా, మాస్టారూ!"

ఎన్నఁడు నెదురాడని శిష్యురాలి నోట నీమాట వినఁగానే సోమయాజిగారు పొడుము పీల్చుట మఱచి నిలువున లేచిరి. కోపమో కుతూహలమో యా ముదుసలికే తెలియదు కాఁబోలు. కోటుచేతులు పైకి మడిచి తామే సూదిపట్టి పిల్లనుండి నెత్తురు తీసిరి. గొట్టములు మాఱునేమో యను శంకతోఁ దమ యుత్తరీయపు టంచునుండి యెఱ్ఱపోఁగు లాగి పిల్ల గొట్టమునకుఁ దామే కట్టిరి. శేషరత్నము తన చేయి చాఁచి తన నెత్తురును గూడ నిప్పించినది. ఆమె నెత్తురు వెంటనే గడ్డకట్టెను. పిల్లది గట్టలేదు. పిల్ల నెత్తుటఁ దండ్రి నెత్తురు కలిపి చూచిరి. రెండిటిలోను లోపమొక్కటియే యగుటచే నదియుఁ గట్టలేదు. పిల్ల నెత్తుటిలో శేషరత్నము నెత్తురు గొంచెము కలుపఁగా నా మిశ్రమము చక్కగా గడ్డకట్టి గొట్టమును దలక్రిందు చేసినను గదలకుండెను.

సోమయాజిగారు గ్రంథము తెఱచి యా పుటను మఱియొకసారి చదివిరి. పిమ్మట వరండాలోనికి వచ్చి "ఏమోయ్ గౌరినాయుడూ, ఈ పిల్ల తల్లి పెళ్లికి ముందు నీకేమవుతుంది?" అని యడిగిరి.

"మా యక్క కూతురే బాబూ. మేనరికం. మా ఇంటి ఆడగుంటని బయటికెలాగిస్తాం?" అని వాఁడు చెప్పెను.

అంతయు నంతలోఁ దేటపడెను. ఆ వ్యాధిబీజమును అక్కయుఁ దల్లినుండి మోసెను. అక్క కూఁతురును మోసెను. వ్యాధిగల మేనమామయే యామెకు మగఁడు కాఁగా వారికిఁ బుట్టిన పిల్లకు దండ్రినుండియుఁ దల్లినుండియు రెండువైపుల నది సంక్రమించెను. సోమయాజిగారు తమ చేతనున్న గ్రంథమును మూసి శేషరత్నమువంకఁ దిరిగి నవ్విరి. ఆయన నవ్వుట శిష్యులెవ్వరును జూచియుండలేదు.

"ఈ గ్రంథం రాసిన వాళ్లిళ్లల్లో మేనరికాలు లేవమ్మాయీ! మన ఇళ్లు వాళ్లకేం తెలుసు?" అనిరి.

నెత్తురు నిలువఁబెట్టిన పిమ్మట మిగులు పసుపువన్నె తేటలోనే గడ్డకట్టించు గుణ మున్నది గనుక నారోగ్యవంతుల నెత్తుటితేటను సూదిద్వారా పిల్ల కెక్కించి చెవిని నొక్కి కట్టఁగా రెండుదినములకు నెత్తురు నిలిచెను. పైడితల్లి పెసరకట్టు త్రాగి శేషరత్నమును జూచి మొదటిసారి నవ్వినది. అప్పలనరసమ్మ మాత్రము డాక్టరులకు దండము పెట్టి తిన్నగాఁ బోయి యమ్మవారికి మ్రొక్కిన కోడిని గోసి వచ్చినది.

ఇచ్చటనే శేషరత్నము పొరపడెను. ఆమె యీ వ్యాధి గల కుటుంబముల జాడ తీయుచు నెండనక వాననక యా పల్లెలన్నియుఁ దిరుగుచుండెను. పోయినప్పుడెల్ల నప్పలనరసమ్మ పీఁటవేసి చోడియంబలి యిచ్చి పిల్లకు వీఁపు నిమురుచుఁ గబురులు చెప్పుచుండునది. అయినను శేషరత్నము కన్నుల కా ముసలమ్మ ముసలమ్మగాఁ గనఁబడినది కాదు. పసుపును బూడిదయుఁ గోడియు మైలయు మడియు నను లోకమంతయు నేకమై కన్నులకు గంతలు కట్టుకొని కూర్చున్నట్లు కనఁబడెను. తన చిన్ననాఁట దన తలమీఁదికి వచ్చిన ముసలమ్మలందఱు నామెలోనే కానవచ్చిరి. అట్టి సమయమున నామె మనసును దొలుచుచున్న భయమొకటి కలదు. చెవితమ్మెకు గ్రుచ్చిన సూదిపోటే యంతపని చేయఁగా నీ పిల్ల యీడేఱిన దినమున నేమగును? లోకమందలి బాలికలందఱకు సహజమగు నది దీనికి మృత్యువు కావచ్చును. అందును ఆ యూళ్ల యాచారము చూడఁగా ఈడేఱిన పిల్లను దాటియాకుచాపమీఁద మూలఁ గూర్చుండఁబెట్టి వేడుక ముగియుదాఁక నెవ్వరు నంటరు. ఎంత నెత్తురు పోవుచున్నదో చూచువారే లేరు. చూచినను జెప్పుకొనుట సిగ్గు.

శేషరత్నము పిల్లతల్లి మహాలక్ష్మిని బావిగట్టుచాటునకుఁ బిలిచి "ఆ రోజు రాగానే నా దగ్గరికి తీసుకురా. కూర్చోబెట్టకముందే తీసుకురావాలి. మీ అత్తగారికి మాత్రం చెప్పకు. ఆవిడ కదలనివ్వదు" అని చెవిలోఁ జెప్పినది. మహాలక్ష్మి తల యూఁచినది. మగనితల్లియు నమ్మకుఁ దల్లియు నొక్కతెయే యైన యా యింటఁ దల యెత్తి యెఱుఁగని కోడలామె. గ్రంథమును బట్టుకొని వ్రేలాడిన గురువునుజూచి లోలోన నవ్వుకొన్న శిష్యురాలు తాను బట్టిన కుందేటికి మూఁడేకాళ్లని తీర్మానించుకొని యింటికిఁ బోయెను. ఎంత చదివినను మానవస్వభావ మింతియే గదా!

నాలుగైదేండ్లు గడచెను. శేషరత్నము పేరు వైద్యపత్రికలలోఁ గనఁబడసాగెను. సోమయాజిగారు తమ గ్రంథపుటంచున స్వహస్తముతో "మేనరికములయందుఁ దప్ప" అని వ్రాసికొని మురిసికొనుచుండిరి.

కార్తికమాసమున నొకనాఁడు మధ్యాహ్నపువేళ గోగునారకట్టలు నింపిన లారీ యొకటి వైద్యాలయపు గుమ్మమున వచ్చి నిలిచెను. కట్టల నడుమనుండి గౌరినాయుఁడు చేతులందింప నప్పలనరసమ్మ దుప్పటిలోఁ జుట్టిన పైడితల్లిని దించెను. వెనుక మహాలక్ష్మి గుడ్లనీరు గ్రుక్కుకొనుచు వచ్చెను. పిల్ల మొగము సున్నపుగోడవలెఁ బాలిపోయియుండెను. పెదవులకు దప్ప శరీరమున నెందును జలనము లేదు. శేషరత్నము పరుగునఁ బోయి నాడి పట్టుకొనఁగా నది తగిలియుఁ దగులక కొట్టుకొనుచుండెను.

ముసలమ్మ యామె చేయి పట్టుకొని యందఱు వినుచుండఁగా నిలువఁదీసెను. "ఓలమ్మ డాక్టరమ్మా! నా కోడలి సెవిలో సెప్పినావట. నాకెందుకు సెప్పనేదు? సాపమీద కూకోబెట్టి పాటలు పాడించినాను. అందరాడోళ్లకీ అవుతాదనుకున్నాను. గుంట తూలి పడిపోతే అప్పుడు నోరిప్పినాదిది, నువ్వు సెప్పొద్దన్నావని! ఇద్దరు కొడుకుల్ని ఈ సేతుల్తోనే పాతెట్టినాను. నానీ గుంటని సంపుకుంతాననుకున్నావేటి?"

చాపమీఁదినుండి పిల్లను లేవనెత్తి మైలయనక డోలీ కట్టించి రాదారిదాఁక మోయించి పోవుచున్న లారీకి నడ్డముగాఁ బండుకొని యాపినది యీ ముసలమ్మయే యని గౌరినాయుఁడు మెల్లగాఁ జెప్పఁగా నామెకు భూమి విచ్చిన బాగుండునని తోఁచెను.

"తప్పు నాదే, మామ్మా" అని మాత్ర మామె యనఁగలిగెను. ఆ ముసలమ్మను వరుసపెట్టి పిలుచుట యామెకదియే మొదలు.

"తప్పులు తర్వాత లెక్కెట్టుకుందాం. ముందు గుంటని సూడు" అని ముసలమ్మ కన్ను లొత్తుకొనెను.

నెత్తుటితేట కావలెను. ఒకరిది చాలదు. తండ్రిది పనికిరాదు. తల్లిది సగమే పనిచేయును. నెత్తురిచ్చిన నాయువు తగ్గునను భయము జనులయందు మిక్కిలిగా నున్న కాలమది. ముసలమ్మ ముందుకు వచ్చి ఎండుకట్టెవంటి చేయి చాఁచి "నాది లాగెయ్యి" అనఁగా వలదని యందఱును వారింపవలసి వచ్చెను. శేషరత్నము తాను మొట్టమొదట బల్లపైఁ బండుకొని సీసాఁడు నెత్తురిచ్చి లేచి తలతిరుగుచున్నను గోడపట్టుకొని పనిలో నిలిచెను. విద్యార్థులు ఒకరిమొగమొకరు చూచుకొనుచుండ గుంపును ద్రోసికొని సోమయాజిగారు వచ్చి కోటు విప్పి జందెము భుజముమీఁదికి సవరించుకొని బల్లపైఁ బండుకొనిరి.

"గ్రంథంలో లేని పిల్లకి ఈ గ్రంథపు పురుగు నెత్తురు ఎక్కించి చూడమ్మాయీ. పొడుము ఘాటుకైనా గడ్డకడుతుంది" అనిరి. ఆ మాటకు విద్యార్థులు నవ్విరి. నవ్వి సిగ్గుపడి యొకరి తరువాత నొకరుగాఁ జేతులు చాఁచిరి.

మఱునాఁటి ప్రొద్దెక్కువేళకు నెత్తుటిపోటు తగ్గెను. ఆ మఱునాఁటికి నెత్తురు పూర్తిగా నిలిచెను. పైడితల్లి కన్నులు తెఱచి "మామ్మా, ఆకలేస్తంది" అనినప్పుడు శేషరత్నము తానే పెసరకట్టు తెచ్చి దాని నోటఁ బోసెను. బ్రదికినది! తన యవివేకము తినివేయఁబోయిన ప్రాణము బ్రదికినది!

ఆ పిదపఁ జెప్పవలసినది లోకమెఱిఁగినదే. పైడితల్లి ప్రతిమాసము ముందుగానే వచ్చి నెత్తుటితేట యెక్కించుకొని పోవుచుండెను. పెరిగి పెద్దదై నేఁడా యూరి బడిలోనే పిల్లలకు నక్షరములు దిద్దించుచున్నది. శేషరత్నము కొత్తమందులు వచ్చునప్పుడెల్ల వానిని మొదట నామెకే తెప్పించెను. దేశదేశముల సభలలో మాటాడెను. శాలువలు గప్పించుకొనెను. ఎందఱినో శిష్యులను దయారుచేసెను. వారికందఱకు నామె చెప్పు మొదటి పాఠము మాత్రము గొట్టములఁగూర్చి కాదు. "ఇంట్లో ముసలావిడ ఎవరో ముందు కనుక్కోండి. చెప్పేదేదో ఆవిడ ముందే కూర్చుని చెప్పండి" అనుచుండును. సోమయాజిగారు స్వర్గస్థులైరి.

ఇంతటితో నీ కథను ముగించిన ముగింపవచ్చును. కాని యామె గాజుగొట్టమును వంచుచుఁ బడమటికిటికీలోనుండి చూచునది యా సభలను గాదు. ఆ శాలువలను గాదు. పైడితల్లిని ఇంటికిఁ బంపిన నాఁటి మధ్యాహ్నమును. అది చెప్పక పోయిన నామె కథ చెప్పినట్లే కాదు.

నాఁ డప్పలనరసమ్మ యూరినుండి నువ్వుల చిమ్మిలియుఁ బసుపుఁగుంకుమలును గొత్తపరికిణియు హారతిపళ్లెమును దెప్పించి స్త్రీలవార్డులో మంచముల నడుమ నొక క్రొత్తచాప పఱపించెను. "సాపమీంచి సగంలో లేపేసినాను. ఏడుక సగంలో ఆగిపోతే గుంటకి మంచిది కాదు. ఇక్కడే సేసేసి అట్టుకెల్తాను" అని యామె పట్టుపట్టఁగా దాదులు వలదనలేకపోయిరి. బాలింతలు పసిగుడ్డులను జంకలఁ బెట్టుకొని చుట్టును మూఁగిరి. ఇట్టి శుభములు జరుగుచోటఁ దానుండరాదని యెఱిఁగిన శేషరత్నము అలవాటు చొప్పునఁ దలుపుచాటునకుఁ దొలఁగి నిలిచెను. ఎవ్వరును జెప్పకున్నను అట్లు తొలఁగుట యామెకుఁ జిన్ననాఁటనుండి యభ్యాసమే.

"మేనత్త ముందు బొట్టెట్టాలి" అని యొక బాలింత యందుకొనెను.

"ఏ మేనత్త? ఈ గుంటకి అమ్మమ్మైనా మేనత్తైనా నా కూతురొక్కతే. అది సచ్చిపోయి ఏళ్లయినాది" అని ముసలమ్మ నిట్టూర్చి చుట్టును జూచి తలుపుచాటుననున్న తెల్లచీర చెఱఁగు కనిపెట్టి "ఒలమ్మ, ఆడ దాక్కున్నావేటి? ఇటురా. నువ్వెట్టు" అనెను.

"నేను రాకూడదు, మామ్మా. నీకు తెలియదా?" అని శేషరత్నము తల వంచుకొనియే పలికెను.

"తెల్దేటి? నాకు కళ్లు నేవేటి? గుంట ఒంట్లో పారతన్నది నీ నెత్తురు. దానికి నువ్వు మేనత్తవి కాపోతే మరెవులు?" అని ముసలమ్మ తానే లేచి వచ్చి యామె చేయి పట్టి లాగెను. "ఇచ్చిన నెత్తురికి నేని ఎదవరికం ఇచ్చిన సేతికెక్కడిదమ్మా?"

ఒక బాలింత కుంకుమభరిణను ముందునకు జరిపెను. శేషరత్నము కుంకుమభరిణలో వ్రేలు ముంచి పైడితల్లి నుదుటఁ బెట్టెను. కొంచెము వంకరగాఁ బెట్టెను. బొట్టు పెట్టు నలవాటు లేదుగదా! పిల్ల చిమ్మిలి ముద్ద దీసి యామె నోటఁ బెట్టెను. ఎవ్వరికి నోర్వరాని దగు నా వాత్సల్యమునకుఁ దట్టుకొనలేక యామె లేచిపోఁబోవ ముసలమ్మ చేయి విడువక గొంతు తగ్గించి యడిగెను.

"మరి నీకెవులు సేసినారమ్మా?"

భర్త పోయిన మఱుసంవత్సరము శేషరత్న మీడేఱినది. తల్లి పెరటిగది తలుపు మూసి నోటఁ జెఱఁగు గ్రుక్కుకొని యేడ్చి యెవ్వరితోఁ జెప్పకు మనినది. చాప లేదు. చిమ్మిలి లేదు. పాట లేదు. చీఁకటిగదిలోఁ దా నేమి తప్పు చేసితినాయని యా పిల్ల గోడవంకఁ జూచుచుఁ గూర్చున్నది. ఇంతవఱకు నెవ్వరు నామె నీ ప్రశ్న మడిగియుండలేదు.

"ఎవ్వరూ చెయ్యలేదు, మామ్మా" అని యామె మెల్లగాఁ జెప్పెను.

అప్పలనరసమ్మ యామె భుజములు రెండును బట్టి పైడితల్లి ప్రక్కను జాపమీఁదఁ గూర్చుండఁబెట్టి హారతిపళ్లెము చేతికిఁ దీసికొని "ఒలే, పాట అందుకోండి. ఇద్దరికీ పాడండి" అనెను.

ఏ యాసుపత్రిలోఁ గోడండ్రొకప్పుడామె మొగము చూడక కన్నులు మూసికొనిరో యా యాసుపత్రిలోని బాలింతలే గొంతు కలిపిరి. మంగళహారతిపాటలోఁ బిల్ల పేరు చేర్చి పాడుట వారి యాచారము. పైడితల్లికి మంగళమని యొక చరణము పాడి నిలిచి "రెండో గుంట పేరేటి?" అని యొక పడుచుబాలింత యడిగెను.

"సేసరత్నం" అని ముసలమ్మ చెప్పెను.

వారు పాడిరి. ముప్పదేండ్లు దాఁటిన యా వైద్యురాలు పిల్లభుజముపైఁ దల వాల్చి పసిపిల్లవలె బిగ్గఱగా నేడ్చెను. శుభములు పాడు పాటలోఁ దన పేరు వినఁబడుట యామె జన్మలో నదియే మొదటిసారి.